మిల్లులో పెట్టిన బొట్టు

రెండు వేల ఆరు దసరాకి బెంగళూరు వెళ్ళినప్పుడు, బొమ్మనహళ్ళిలో మూతపడిన నూలుమిల్లులో ఒక కళాప్రదర్శన చూశాను. షెడ్డంతా పొగమంచు, నీలి వెలుగు, ఎక్కడి నుంచో వాన చప్పుడు. పైకప్పు నుంచి వేల దారాలు చినుకుల్లా వేలాడుతున్నాయి. మధ్యలో తుప్పు పట్టిన యంత్రం, దాని మీద తడి ఆరని కుంకుమబొట్టు.

"కళాకారుడికి భలే ఆలోచన వచ్చింది," అని పైకే అనేశాను. పక్కన ఊడుస్తున్న పెద్దావిడ తెలుగు విని ఆగింది.

"ఆయప్ప పెట్టలేదప్పా, నేను పెట్టినా. ఇరవై ఏండ్లు ఈ మిషను కాడే పని చేసినా. ఈ పొద్దు ఆయుధపూజ గదా. తెలిస్తే తుడిపిస్తారేమో, చెప్పొద్దప్పా."

చెప్పనన్నాను. ఆమె మళ్ళీ ఊడుస్తుంటే చీపురు తగిలి అక్కడి పొగమంచు చెదిరింది. అప్పుడు చూశాను, గుడిలో ఉన్నట్టు ఆమె కాళ్ళకు చెప్పుల్లేవు. నా బూట్లు పొగమంచులో మునిగి ఆమెకు కనబడకపోవడమే నయమనిపించింది.