చెరువు చుట్టూ కంకర బాట

కంకర మీద సైకిల్ టైరు కరకరలాడితే చాలు, సరళ గుర్తొచ్చి ఇప్పటికీ కడుపు మండుతుంది. గౌలిపురలో మా పక్కింటి పిల్ల. ఆదివారాలు, గుట్టల నడుమ చెరువు చుట్టూ బండ్లు తిరగని బాట మీద, వాళ్ల నాన్న సీటు పట్టుకుని పరిగెత్తుతుంటే సైకిల్ తొక్కేది. నేను బర్రెలు కడుగుతూ చూసేదాన్ని.

"బాపూ, నాకూ నేర్పు."

పాలు పోసే మా బాపు క్యాన్లు కట్టిన సైకిల్‌ని రోజూ తోసుకుంటూనే వెళ్లేవాడు.

"తొక్కితే పాలు తొణుకుతయ్ బిడ్డా. గిది తొక్కే సైకిల్ గాదు."

నాకంటే పాలే ఎక్కువా అని అలిగాను.

ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చేటప్పుడూ బాపు తోసుకుంటూనే వచ్చేవాడు. తొక్కడం తనకే రాదని నాకు తట్టనేలేదు. నా కళ్లెప్పుడూ సరళ వాళ్ల నాన్న మీదే.