వేలు తగిలిందని చెప్పాను

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆ బరువుకు వంగిపోయానని అనుకోకండి, మా వంశంలో ఎవరూ వంగి నడవలేదు. కానీ మోస్తున్నాను. మీరు నన్నెరగరు కనుక మీకు చెప్పగలను.

మొఘల్‌పురాలో మా దేవిడీకి, అంటే తాతల నాటి బంగళాకి, ఇప్పుడు మిగిలింది ఒక కమాను, దాని వెనక రెండు గదులు. ఒకప్పుడు గల్లీలో ఎవరు పోయినా ఆ కబురు మా కమాను నుంచే బయలుదేరేది. నాన్నగారు షేర్వాణీ బొత్తాలన్నీ పెట్టుకుని గడప గడపకూ స్వయంగా వెళ్లేవారు. మాతో కోర్టులో తగాదా పడుతున్నవాళ్ల గడపకు కూడా.

ఆ పని ఇప్పుడు ఫోను చేస్తోంది. గల్లీ గ్రూపుకు నన్నే అడ్మిన్‌గా పెట్టారు. ఆ రోజు మా దేవిడీ మళ్లీ లేచి నిలబడినట్టనిపించింది.

ఒక ఉదయం మా తాతగారు తవ్వించిన బావి ఫోటో పెట్టి, గల్లీకంతా నీళ్లిచ్చిన బావి అని రాశాను. మా ఇంటికి ఆరో ఇల్లు యాదగిరిది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కింద రాశాడు: "బావి తవ్విచ్చింది మీ తాతనే అన్నా. మమ్ముల చేద ముట్టనియ్యంది గూడ ఆయననే."

దాని కింద బొటనవేళ్లు లేచాయి. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ఎదురుగా నిలబడి అంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణేమో. ఆ బొటనవేళ్లకు ఏం చెప్పను? అతన్ని గ్రూపులోంచి తీసేశాను.

నెల తిరక్కముందే సలీం భాయ్ పోయాడు. ముప్పై ఏళ్లు అదే డిపోలో యాదగిరితో ఒకే డబ్బాలో తిన్నవాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత జనాజా, ఖననం అని గ్రూపులో వేశాను. యాదగిరి ఆ రోజు జహనుమాలో కూతురింట్లో ఉన్నాడు. ఆటోలో పావుగంట. నంబరు నా దగ్గర ఉంది. గ్రూపులో వేస్తే అందరికీ చెప్పినట్టే కదా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేదు. అతని పేరు గుర్తొచ్చింది. ఫోను జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు వచ్చి కమాను కింద నిలబడ్డాడు.

"సలీం మొకం గూడ జూడలేదన్నా. అందరు నేను గ్రూపుల జూసిననే అనుకున్నరంట. జూస్తే నేను గ్రూపులనే లేను. ఏంది గిది?"

"వేలు తగిలి పోయినట్టుంది" అన్నాను.

"గంతేనా? బావి ముచ్చటకు తీసేసిండ్రని మా ఆమె అన్నది. మీ అసొంటి పెద్దింటోళ్లు గట్ల జెయ్యరని లొల్లి వెట్టుకున్న." కళ్లు తుడుచుకుని నవ్వాడు. "పాడు ఫోన్లు."

అతని ఎదురుగానే మళ్లీ చేర్చాను. ఇప్పటికీ నేనేది పెట్టినా మొదటి బొటనవేలు అతనిదే.

అతను రాసింది అబద్ధం కాదు. మా మనిషి చేదను వాళ్లకు అందనివ్వకుండా పట్టుకుని ఆ బావి దగ్గర కూర్చోవడం చిన్నప్పుడు నేను చూశాను. క్షమించమని అడగడం నాకు మా ఇంట్లో నేర్పలేదు. కబురు చేరవేయడం నేర్పారు. అదే చెయ్యలేదు.

వేలు తగల్లేదు. నేనే తీసేశాను.

ఈ రెండు వాక్యాలకు నాలుగేళ్లు పట్టింది. రాశాక మెడ కాస్త తేలికైంది. అంతే.