బందన్ పూయని రాయి

మా అమ్మకి చలంటే మోజు. శ్రీకాకుళం పక్క ఒక పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక రాయ్‌పూర్ వచ్చిన మనిషి. మంచు అనేదాన్ని ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూసి ఎరగదు. అయినా మంచుకొండల మీద ఉన్న ఒక గుడికి ఎప్పటికైనా వెళ్లాలని కోరిక. దేవుడి మీద భక్తి కంటే ఆ చలి మీద ఆశే ఎక్కువని నా అనుమానం. ఆ మాట పైకి అంటే "నోర్ముయ్యే" అని కసిరేది, అంతేగాని కాదనేది కాదు.

కానీ ఆమెకి ఉబ్బసం. మేం గుఢియారీలో రైలు పట్టాలకి దగ్గరగా ఉండేవాళ్లం. బీర్‌గావ్ వైపు నుంచి గాలి తిరిగిన రోజున డాబా మీద ఆరేసిన బట్టలకి ఫ్యాక్టరీల నల్లపొడి అంటుకునేది, అమ్మ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. కొండ మీదికి వెళ్లొచ్చా అని అడిగితే డాక్టరు నిర్మొహమాటంగా చెప్పేశాడు. అంత ఎత్తులో ఈమెకి ఊపిరాడదు, ఆ ఆలోచన మానుకోండి అన్నాడు. అమ్మ అక్కడ బుద్ధిగా తలూపింది. ఇంటికి వచ్చాక వంటింట్లో చాలాసేపు పనిలేకుండా నిలబడింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకి, ఒక వేసవి మొదట్లో, నాన్నతో రైల్వేలో పనిచేసేవాళ్లు ఆ యాత్రకి బయల్దేరారు. నాన్న రానన్నాడు.

"నాను ఎల్లలేనని మీరూ మానేస్తారేటి? ఎల్లిరండి. నా వొంతు కూడా సూసి రండి" అని అమ్మే ఆయన పెట్టె సర్దింది.

ఆయన తిరిగొచ్చిన రోజు రాయ్‌పూర్‌లో కుళాయి నీళ్లు చేతిని కాల్చేస్తున్నాయి. పెట్టె తెరిచి, ఉన్ని టోపీలో చుట్టిన ఒక రాయిని బయటికి తీశాడు. పిడికిలి కంటే కాస్త పెద్దది, బూడిదరంగు రాయి. దాని ఒక ముఖం మీద అరచేయంత మేర నారింజ రంగు, రాతికి చర్మంలాగా అంటుకుపోయి ఉంది. అచ్చం మా వీధి చివర హనుమంతుడి రంగే. ఈ దేశంలో ఏ రాయిలో దేవుణ్ణి చూసుకున్నా, నూనెలో కలిపిన నారింజ సింధూరం పూస్తారు. దాన్ని రాయ్‌పూర్ వైపు బందన్ అంటారు. ఆ రంగు కనబడితే చెప్పులు విడిచి దణ్ణం పెట్టడం మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు.

"సుట్టూ మంచేనే. ఎటు సూసినా తెలుపే. అందులో ఇదొక్కటే పైకి తేలి ఉన్నాది" అన్నాడు నాన్న. ఆయన ఒక్క ఊపున అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఎవరో మారాజు అంత సలిలో పూజ సేసి బందన్ పూసి ఎల్లిపోనాడు. నువ్వు రాలేకపోనావు గదా. సామినే నీ కాడికి తెచ్చీసినాను."

అమ్మ రెండు చేతులతో అందుకుని, చెంపకి ఆనించుకుంది. "ఇంకా సల్లగానే ఉన్నాది" అంది. నేనూ ముట్టుకుని చూశాను. రెండు రోజులు రైలు పెట్టెలో ఉడికిన రాయి, పొయ్యి మీంచి దింపిన గిన్నెలాగా ఉంది. ఆ సంగతి చెప్పబోతే నాన్న నా వైపు ఒక చూపు చూశాడు. నోరు మూసుకున్నాను.

అలా ఆ రాయి మా దేవుడి అరలో చేరింది. పక్కింటావిడ చూసి, "రంగ్ జున్నా హోగే హే బహినీ, బందన్ చఢా దే" అంది. రంగు పాతబడింది, కొత్త బందన్ పూయమని. ఆమె చెప్పింది సబబే, ఇక్కడ అందరూ చేసే పని అదే, పూత మీద పూత వేస్తూ పోతారు. అమ్మ మాత్రం ససేమిరా అంది.

"అంత సలిలో కూకుని పూసిన సెయ్యమ్మా అది. దాని మీద నా సెయ్యి పడకూడదు."

పూసిన ఆ చేయి ఎవరిదో అమ్మకి తెలియదు, కానీ ఆమె దాన్ని రోజూ చూసుకునేది. బొటనవేలు పగిలి ఉంటుంది అనేది. గోళ్ల కింద బందన్ ఇరుక్కుని ఉంటుంది అనేది. తను చేసేదల్లా ఒకటే, పొద్దున్నే స్నానం చేసి ఇత్తడి చెంబులో నీళ్లు తెచ్చి, వేళ్లు ముంచి రాయి మీద చిలకరించేది. తడి తగలగానే ఆ నారింజ రంగు నిగారించేది. "సూడు, లేచినాడు సామి" అని మురిసిపోయేది.

మే నెల మధ్యాహ్నాలు ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాయి. తలుపులు, కిటికీలు మూసి కూలర్ వేసేవాళ్లం. తడిసిన వట్టివేళ్ల వాసన, ఆ చీకటి, ఆ గొరగొర చప్పుడు. స్వామికి ఉక్కపోస్తుందని అమ్మ రాయిని కూడా తెచ్చి కూలర్ ముందు పీట మీద పెట్టేది. పక్కనే చాప మీద పడుకుని కళ్లు మూసుకుని, "సెప్పండి, అక్కడెలగుంటాది" అని నాన్నని అడిగేది. నాన్నకి తెలిసిన మాటలు నాలుగే. మొదట్లో ఆ నాలుగే చెప్పేవాడు, తరవాత తరవాత కల్పించడం మొదలుపెట్టాడు. అక్కడ మబ్బు మనిషి మోకాలి దాకా వస్తుందట. మాట్లాడితే మాట నోటి ముందే పొగై నిలబడుతుందట. పట్టాలు లేని చోట రైలు కూత వినబడిందట. అమ్మ "ఊఁ" కొడుతూ కొడుతూ నిద్రలోకి జారుకునేది. నేనూ జారుకునేదాన్ని. బయట మంచు పడుతోందనిపించేది. లేచి తలుపు తీస్తే ఎండ మొహాన కొట్టేది, మళ్లీ గబుక్కున మూసేదాన్ని. మా ముగ్గురికీ అంతకంటే మంచి రోజులు ఉన్నాయని నేను అనుకోను.

డిగ్రీలో నేను వృక్షశాస్త్రం తీసుకున్నాను. ఒకరోజు క్లాసులో మా మేడం రాళ్ల మీద పెరిగే లైకెన్ల గురించి చెబుతూ ఒక బొమ్మ చూపించింది. బూడిదరంగు రాయి, దాని మీద చర్మంలా అంటుకున్న నారింజ రంగు మచ్చ. మా ఇంట్లో ఇలాంటిది ఉందని క్లాసయ్యాక చెప్పాను. రాయ్‌పూర్‌లో ఉండదు, ఇది గడ్డకట్టే చలిలో పెరిగేది అంది మేడం. ఉంది మేడం, దేవుడి అరలో ఉంది అన్నాను.

ఆవిడ టీకి అని వచ్చింది. చెప్పులు విడిచి, అమ్మని అడిగి, రాయిని ముట్టకుండానే భూతద్దంతో చాలాసేపు చూసింది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ పక్కనే నిలబడింది. ఈ ఒక్క రాయి మీదే అమ్మ తన కొండని నిలబెట్టుకుంది, దాన్ని నేనే మనిషిని పిలిచి మరీ పడగొట్టిస్తున్నానని అనిపించింది.

మేడం నెమ్మదిగా హిందీలో చెప్పింది. ఇది ఎవరూ పూసింది కాదు, తనంతట తనే పెరిగింది. ఇందులో రెండు ప్రాణాలు కలిసి కాపురం చేస్తాయి. ఒకటి రాయిని పట్టుకుని ఉంటుంది, ఇంకొకటి ఎండతో వంట చేసి పెడుతుంది. మనిషి జీవితకాలంలో ఇది వేలెడు పెరిగితే గొప్ప. ఎండిపోతే నిద్రపోతుంది, తడి తగిలితే లేస్తుంది.

"అయితే దీనికి ప్రాణం ఉన్నట్టేనా?" అమ్మ హిందీలోనే అడిగింది.

ఉండొచ్చు, నిద్రలో ఉన్నా పోయినా పైకి ఒకేలా కనబడుతుంది అంది మేడం.

"రోజూ నీళ్లు చల్లుతున్నాను."

మేడం భూతద్దం సంచిలో పెట్టేసుకుంది. చలిలో అయితే లేచి తిని మళ్లీ పడుకుంటుందమ్మా, ఈ వేడిలో లేస్తే వండుకునేదానికంటే ఖర్చయ్యేది ఎక్కువ, అలా కొన్నాళ్లకి ఆకలితో పోతుంది అంది.

ఆవిడ వెళ్లిపోయాక అమ్మ పీట మీద కూర్చుండిపోయింది. దేవుడు కాదని తెలిసి కుమిలిపోతోందనుకున్నాను. తేలిక చేద్దామని, "మాంసం కూరలో వేస్తావే రాతిపువ్వు, దాని చుట్టమేనమ్మా ఇది" అన్నాను. అమ్మ నవ్వలేదు.

"దినమూ పొద్దున్నే లేపి పస్తు పెట్టీసినానే" అంది. ఆమె బాధ అదీ. దేవుడి సంగతే ఎత్తలేదు. కాసేపటికి, "అక్కడికెల్తే నాకు ఊపిరాడదు. ఇక్కడ దీనికాడదు. తీసికెల్లి ఎక్కడిది అక్కడ పెట్టీయండి" అంది.

నాన్న మొహం చిన్నబోయింది. "నీ కోసం తెచ్చినాను గదే" అన్నాడు.

"తెచ్చినారు. సూసినాను. సాలు."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆమెకి ఉన్న కొండ అదొక్కటే, దాన్నీ చేతులారా పంపేస్తోంది. ఈ రాయి పోతే మధ్యాహ్నాలు ఏం చేస్తావు అని గట్టిగానే అరిచాను. మర్నాటి నుంచి అమ్మ నీళ్లు చల్లడం మానేసింది. రాయిని కూలర్ తడికి దూరంగా, పొడిగుడ్డ మీద నీడన పెట్టి, వంట మధ్యలో వచ్చి చూసి పోతుండేది. నిద్రపోయే పసిపిల్ల ఉన్న ఇంట్లోలాగా మేం కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం.

నాన్నకి అప్పటికే మోకాళ్లు పట్టేసి మెట్లెక్కడం కష్టంగా ఉంది. ఆ ఏడు వానలు వెనకబట్టాక మేడం మా క్లాసుని కొండల టూరుకి తీసుకెళుతోంది, ఆ గుడి కూడా దారిలోనే పడుతుంది. అమ్మ రాయిని తన పాత నేతచీర ముక్కలో చుట్టి నా చేతికిచ్చింది. రంగున్న వైపు ఎండ తగిలేలా పెట్టమంది. ఇంకేదో చెప్పబోయి, వద్దనుకుని, చీర ముక్క వెనక్కి తెమ్మంది.

గుడి దాటి పైకి నడిచాం. ఊపిరి సగంలోనే తెగుతోంది. తల తేలికై, నడుస్తున్నానో కలలో తేలుతున్నానో తెలియలేదు. మబ్బు నిజంగానే మోకాలి దాకా వచ్చింది. అదంతా నాన్న కల్పన అనుకున్నాను కదా, నిలబడి గట్టిగా నవ్వేశాను. మబ్బు పక్కకి జరిగింది.

మంచు లేదు, కరిగిపోయి ఎన్నాళ్లయిందో. దాని కింద ఉన్న రాళ్లన్నీ బయటపడి ఉన్నాయి. ప్రతి రాయికీ అదే రంగు. చిన్నవీ పెద్దవీ, కాళ్ల కిందా, వాలు పొడుగునా, ఎంత దూరం చూస్తే అంత దూరం. కొండకి కొండే బందన్ పూసుకుని కూర్చుంది. నాన్న వచ్చిన వేసవిలో మంచు ఇన్నిటినీ కప్పేసి ఒక్కదాన్నే చూపించిందన్నమాట.

చీర ముక్క విప్పి, రంగున్న వైపు ఎండకి తిప్పి, రాయిని వాటి మధ్య పెట్టాను. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే ఏది మాదో తెలియలేదు. మేడం మొబైల్ అడిగి ఇంటికి ఫోన్ చేశాను.

"సలిగున్నాదేటే?" అదే అమ్మ మొదటి మాట.

ఫోన్‌ని గాలికి ఎదురుగా పట్టుకున్నాను. ఆమె ఎంతసేపు వింటే అంతసేపు. అప్పుడు చెప్పాను. "అమ్మా, ఇక్కడ రాళ్లన్నీ ఇలాంటివే. కొండంతా అదే రంగు."

చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను. ఇంతలో గొంతు బాగా తగ్గించి అమ్మ అంది, "మీ నాన్నకి సెప్పకు. నా కోసం యెతికి యెతికి ఒక్కదాన్నే తెచ్చినాననుకుంటన్నాడు."

వెనక నుంచి నాన్న అడుగుతున్నాడు, పెట్టేసిందా, చోటు దొరికిందా అని. అమ్మ ఫోన్ పక్కకి తిప్పి ఆయనకి వినబడేలా గట్టిగా చెప్పింది.

"పెట్టీసిందంటండీ. ఎంత దూరం సూసినా అలాటిది ఇంకోటి లేదంట."