అన్న విస్తట్లో ఉప్పు

మా వదినకు ఉప్పు అంచనా తెలియదన్న మాట మా ఇంట్లో చాలాకాలంగా ఉంది. మొదట అన్నది మా అమ్మ. నిలబెట్టింది నేను. అది నిజం కాదు.

మా అన్న బాలి ద్వీపంలో ఒక హోటల్ వంటింట్లో పనిచేసి, బర్మాలో మేం ఉండే యాంగోన్‌కు తిరిగొచ్చాడు. వస్తూ ఒక వంట తెచ్చాడు. అక్కడ దాన్ని సాతే లిలిత్ అంటారు. ముళ్లు తీసిన చేపను మెత్తగా దంచి, కొబ్బరి కోరు, నూరిన మసాలా కలిపి, నిమ్మగడ్డి కాడల చుట్టూ అదిమి బొగ్గుల మీద కాలుస్తారు. పండగలకు మగవాళ్లే చేస్తారట. ఇక్కడ లమ్మడా పేటలోని మా ఫ్లాట్‌లో కూడా అన్నే చేసేవాడు. వదిన పక్కన కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలిచేది. అన్న జ్వరంతో పోయాక ఆ వంట ఆమె చేతికి వచ్చింది.

ఏటా అన్న తిథినాడు తనకు ఇష్టమైనవి వండి, ఫోటో ముందు ఆకు వేసి పెడతాం. అప్పటిదాకా ఎవరూ రుచి చూడకూడదు. అందుకే ఆ రోజు ఉప్పు ఒక్క చెయ్యే వేస్తుంది. వేసినవాళ్లు "ఉప్పేసినాను" అని ఇంట్లో అందరికీ వినిపించేలా చెప్పాలి.

మొదటి సంవత్సరీకం నాడు వదిన చేప ముద్ద కలిపి, ఆ మాట చెప్పి, తలస్నానానికి వెళ్లింది. నేను తర్వాత బజారు నుంచి వచ్చాను. ముద్ద వాసన చూశాను. అదీ చెయ్యకూడదు. అన్న చేసినప్పటి వాసన లేదనిపించింది. బాలిలో వేసే రొయ్య ముద్ద మా దగ్గర లేదు. బర్మావాళ్లు రోజూ తినే నాప్పి, అంటే పులిసిన చేప ముద్ద, సీసాలో ఉంది. ఒక ఉండ తీసి కలిపాను. నాప్పి నిండా ఉప్పేనని నాకు తెలుసు. ఉప్పు ఇంకా పడలేదనుకున్నాను. ఎవరినైనా అడిగితే సరిపోయేది.

అన్నకు పెట్టాక మేం కూర్చున్నాం. అమ్మ ఒక ముక్క కొరికి నీళ్లు తాగింది.

"ఏటే, పైనున్నోడికి దాహం ఎయ్యదనుకున్నావేటి?" అంది.

"ఒక్కపాలే ఏసినానత్తా," అంది వదిన.

"రెండోపాలి ఏసి మర్సిపోనావు."

నేను నోట్లోది మింగాను.

అమ్మ ఆ వంట మానిపించింది. వదిన అన్ని కూరల్లోనూ ఉప్పు తగ్గించేసింది. మా భోజనాల బల్ల మీదకి ఒక ఉప్పు గిన్నె వచ్చి చేరింది. చుట్టాలు వస్తే ఆ గిన్నె వాళ్లవైపు జరిపి, "మా ఇంట్లో కూర వేరు, ఉప్పు వేరు" అని నవ్వించేవాణ్ని. వదిన కూడా నవ్వేది. అమ్మ పోయాక కూడా అలాగే గడిచింది.

ఈ ఏడు అన్న కూతురు, "నాన్నకి సాతే సేద్దామమ్మా," అంది.

వదిన బియ్యం ఏరుతోంది. "నాది ఉప్పు సెయ్యమ్మా. మీ సిన్నాన్ననడుగు, కతలుకతలుగా సెప్తాడు."

"వొదినా, ఆరోజు ముద్దలో నాను నాప్పి కలిపినాను," అన్నాను. "నువ్వు తానానికెళ్లినపుడు."

ఆమె చెయ్యి చేటలో ఆగింది. "ఎంత?"

వేళ్లు ముడిచి నిమ్మకాయంత చూపించాను.

"అత్త ఉండగా సెప్పలేకపోనావేటి, బాబూ?"

ఆమె మళ్లీ బియ్యం ఏరుకుంది.

తిథినాడు నది అవతలి దలా నుంచి లాంచీలో వచ్చిన చేప దొరికింది. కరెంటు లేదు. మిక్సీ ఆడక, అన్నలాగే మసాలా రోట్లో నూరింది వదిన. ఉప్పు పిడికిట్లోకి తీసుకుని, కొంత డబ్బాలోకి వదిలి, మళ్లీ తీసుకుని, చివరికి వేసింది. "ఉప్పేసినాను," అని నా వైపు చూసి గట్టిగా చెప్పింది. బాల్కనీలో బొగ్గుల మీద అమ్మాయి కాడలు తిప్పింది.

అన్నకు పెట్టాక కూర్చున్నాం. వాసన అన్న చేసినప్పటిదే. ఉప్పు మాత్రం తగ్గింది.

"సరిపోనాదా?" అంది వదిన. అమ్మాయి నా ముఖం చూస్తోంది.

"తగ్గింది వొదినా," అన్నాను.

"మరి తగ్గదేటి. ఇన్నాళ్లూ భయపడి ఏసిన సెయ్యి."

బల్ల మీది ఉప్పు గిన్నె తన దగ్గరికి లాక్కుని, తన ముక్క మీద కాస్త చల్లుకుని, కూతురి ముక్క మీద చల్లింది. గిన్నె నా వైపు జరపలేదు. నేనూ అడగలేదు.