కొంగు ముడిలో ఫ్యూజు

నా చిన్నప్పుడు, నాంపల్లిలో మా ఇంటికి కరెంటు వచ్చి చాలా ఏళ్లయినా, మా నానమ్మ మాత్రం స్విచ్చిని అప్పడాల కర్రతోనే నొక్కేది. వేలు పెడితే కరెంటు మనిషిని లాగేసుకుంటుందని ఆమె భయం. అలాంటి తల్లికి పుట్టిన మా చిన్నాయన పోయి పోయి ఎలక్ట్రీషియన్ ట్రైనింగులో చేరాడు.

ఒకరోజు ఆయన కమిలిన వేలితో ఇంటికొచ్చాడు. సోల్డరింగ్ చేస్తుంటే కాగిన సీసం చురక తగిలిందని, కరెంటు కాదని చెప్పినా నానమ్మ వినలేదు. ఇక ట్రైనింగు చాలు, అబిడ్స్‌లో తెలిసినవాళ్ల బట్టల దుకాణంలో కూర్చోమంది. ఆయన కంచంలో అన్నం కెలికి లేచిపోయేవాడు. చివరికి ఒక్క మాట అడిగాడు: ఒక్కసారి నా పని కళ్లారా చూడు, ఆ తర్వాత నీ ఇష్టం అని.

ఆ ఆదివారం ఇప్పటికీ కలలాగే గుర్తొస్తుంది. మా మేడమెట్లు పగలు కూడా మసకగా ఉండేవి. పై కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము మెల్లగా తేలుతుండేది. స్టేషన్‌లో రైలు కూత వేస్తే గోడలు కూడా వింటున్నట్టుండేది. ఆ మెట్లకు కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, రెంటికీ కలిపి ఒకటే బల్బు పెడతానన్నాడు చిన్నాయన.

పని మొదలుపెట్టే ముందు మెయిను ఆపి, తెల్లటి పింగాణీ ఫ్యూజును ఊడబీకి నానమ్మ చేతిలో పెట్టాడు.

"గిది నీ దగ్గరున్నంతసేపు తీగలకు పానం లేదమ్మా. నాకేం గాదు."

"మరి బయట పనికి పోతే ఎవరు పట్టుకుంటరురా?"

"నా జేబులనే ఉంటది. మా ఉస్తాద్ మొదటి రోజు నేర్పింది గదే."

నానమ్మ దాన్ని కొంగున ముడేసుకుని కింది మెట్టు మీద కూర్చుంది. నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని, పైన చిన్నాయన మేకులు కొడుతున్న చప్పుడు వింటూ నిద్రలోకి జారిపోయాను.

మా నాన్న గొంతుకు మెలకువొచ్చింది. ఫ్యాను తిరగడం లేదు, రేడియో పాడటం లేదు. ఆ ఫ్యూజు ఇటివ్వు, జరసేపు పెట్టి మళ్లీ తీస్తానంటున్నాడు. నానమ్మ కొంగు ముడిని పిడికిట్లో బిగించింది.

"నా కొడుకు తీగల మీద చెయ్యేసిండు. పోయి గాడ కూసో."

అంతదాకా ఈ పనే వద్దన్న మనిషి, ఇప్పుడు ఆ పనికే కాపలా కూర్చుంది. నాన్న నవ్వుకుంటూ విసనకర్ర వెతుక్కున్నాడు.

సాయంత్రం చిన్నాయన కిందికి దిగొచ్చి చెయ్యి చాస్తే గానీ ఆ ముడి విప్పలేదు. ఆయన ఫ్యూజు పెట్టి మెయిను వేశాక, నన్ను పై స్విచ్చి దగ్గరికి పంపారు. నానమ్మ అప్పడాల కర్ర కోసం అటూ ఇటూ చూసి, ఏమనుకుందో, వేలితోనే నొక్కింది. మెట్లన్నీ పసుపు వెలుగుతో నిండిపోయాయి. నేను పైన ఆర్పితే ఆమె కింద వెలిగించింది. అలా ఎంతసేపు ఆడుకున్నామో తెలియదు. నానమ్మ మళ్లీ దుకాణం మాట ఎత్తలేదు. పొద్దున్నే చిన్నాయనను ఆమే నిద్రలేపి ట్రైనింగుకు పంపింది.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. మనవరాలు ఏదో కొత్త పనికి బయల్దేరినప్పుడల్లా వద్దనే మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు నా చెయ్యి దానంతటదే కొంగు చివర వెతుక్కుంటుంది. నువ్వు తిరిగొచ్చేదాకా నేను పట్టుకుని కూర్చోవలసింది ఏమిటో చెప్పమ్మా అని మాత్రమే అడుగుతాను.