రెక్కకి నాలుగు బోల్టులు

ఎలీహియో ఏ వస్తువునైనా ముందు వేలితో కదిపి చూస్తాడు. మంగలి షాపులో కుర్చీ చెయ్యి, చర్చిలో బల్ల, భోజనహోటల్లో గోడకి బిగించిన ఫ్యాను. చూపుడు వేలు పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు. కదిలితే యజమాని వైపు చూస్తాడు. పెళ్ళినాడు ఫాదరు ఎదుటే ఉంగరం తొడిగి, దాన్నీ అలాగే కదిపి చూశాడని అతని భార్య చెబుతుంది.

"వదులుగానే ఉంది. ఇరవై రెండేళ్ళయింది, ఇంకా పడలేదు" అంటుంది.

శాంతియాగోలో అతను కోంచో, అంటే షేర్ టాక్సీ, నడుపుతాడు. ముందు ఇద్దరు, వెనక నలుగురు, ఎవరి మోకాళ్ళు ఎవరివో తెలియని ప్రయాణం. మా రూటులో నలభై ఒక్క కోంచోలు. అన్నీ తెల్లవే, అన్నీ పాతవే, అన్నీ జపాన్‌వే. ఒకసారి ఎలీహియో అత్తగారు వేరేవాడి కారు ముందు సీట్లో ఎక్కి, దిగేదాకా వాణ్ణి అల్లుడనుకునే తిట్టింది. వాడూ కాదనలేదు. ఎవరి అత్తగారైనా అంతే కదా అనుకున్నాడట.

ఆ వారమే ఎలీహియో రెక్క కొన్నాడు.

రెక్క అంటే స్పాయిలర్. పందెం కార్ల వెనక, డిక్కీ మూత మీద, రెండు కాళ్ళ మీద జానెడు ఎత్తున నిలబడి ఉంటుంది. వేగంలో గాలి దాన్ని కిందికి నొక్కి, కారు నేల విడవకుండా చూస్తుందట. మా రూటులో కార్లు నేల విడిచేది గుంతల దగ్గర మాత్రమే.

మొదటిసారి దాన్ని రెండువైపులా అంటుకునే టేపుతోనూ, రేకు స్క్రూలతోనూ బిగించాడు. పదకొండో రోజున బజారు ముందు గుంతలో కారు దిగి లేచింది. రెక్క కూడా లేచింది. తిరిగి కారు మీద దిగలేదు. వెనక వస్తున్న అనాసపళ్ళ బండి మీద దిగింది. మనుషులకి దెబ్బ తగల్లేదు.

రూటు సంఘానికి అధ్యక్షుడు బెలార్మీనో. సాయంత్రం అందరి ముందూ పిలిచాడు.

"ఇంకోసారి నీ బండి నుంచి ఏదైనా రోడ్డు మీద పడిందనుకో, ఇనప మేకైనా సరే, నీ నంబరు తీసి వేరేవాడికిస్తా. పద్నాలుగు మంది కాచుక్కూచున్నారు. అందులో ఒకడు మా బావమరిది."

నంబరు లేనివాడికి రూటు లేదు. రూటు లేని కోంచో వీధిలో నిలబెట్టిన ఇనుము.

"ఆ రెక్క తీసి అవతల పారెయ్యి నేస్తం" అన్నారు తోటి డ్రైవర్లు.

"తీసేస్తే నన్నెలా గుర్తుపడతారు?"

"మొహం చూసి."

"నా మొహం చూసి ఇన్నాళ్ళలో ఒక్కడైనా ఎక్కాడా?"

అందరూ తమ తమ కార్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

నెరేయిదా కొట్లో బోల్టులు, నట్టులు, వాషర్లు తప్ప మరేమీ దొరకవు. గోడ నిండా చెక్క సొరుగులు. ఏ సొరుగులో ఏ బోల్టు ఉందో ఆ బోల్టే దానికి పిడి. ఆమె ఏం కావాలని అడగదు.

"ఏం మొయ్యాలి?" అంది, ఎలీహియో లోపలికి రాగానే.

"గాలి."

"ఎంత గాలి?"

"గంటకి నూట ఇరవై కిలోమీటర్ల గాలి."

"నీ కారు నూట ఇరవైలోనా? వెనకనుంచి ఎవరు తోస్తారు?"

"నవ్వకు నెరేయిదా. ఇది ఊడి పడితే నా నంబరు పోతుంది."

ఆమె నవ్వు ఆపింది. ఆరు మిల్లీమీటర్ల స్టీలు బోల్టులు నాలుగు తీసి బల్ల మీద పెట్టింది. పక్కన నాలుగు పెద్ద వాషర్లు, రబ్బరు ముక్కలు, అరచెయ్యంత ఇనప పలకలు.

"ఇవి చాలు. మూత కింద ఒక పలక, పైన ఒక పలక, మధ్యలో నీ రేకు. రేకు పలచన. బలం కావాల్సింది దానికి. బోల్టుకి కాదు."

ఎలీహియో బోల్టుని వేళ్ళ మధ్య తిప్పాడు. చిటికెన వేలికన్నా సన్నం. పక్కన పెట్టాడు.

పన్నెండు రోజులు వచ్చాడు. మధ్యాహ్నం ప్రయాణికులు తగ్గిన వేళ వచ్చి, ఒక్కో సొరుగూ తీయించేవాడు. ఇత్తడిది మెత్తన అన్నాడు. పూత వేసింది రెండో వానకి తుప్పు పడుతుందన్నాడు. పన్నెండో రోజున బొటనవేలంత లావుది, నల్లటిది, చేతిలోకి తీసుకున్నాడు.

"దీన్ని దేనికి వాడతారు?"

"సిమెంటు లారీలకి."

"ఇదే."

"పలకలైనా తీసుకో."

"వద్దు, బరువు. కారు నెమ్మదిస్తుంది."

"ఇంకానా?" అంది నెరేయిదా.

శనివారం వీధిలో డొమినోలు ఆడేవాళ్ళు ఆట వదిలి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పాత రేకుకి బొటనవేలంత కన్నాలు నాలుగు పడ్డాయి. బోల్టులు దిగాయి. కుదుపులకి వదులు కాని రకం నట్లు బిగిశాయి. ఒక్కొక్కరూ వచ్చి రెక్క మీద చేతులు పెట్టి నొక్కారు. ఎంత నొక్కినా కదల్లేదు. పైకి లాగి చూడాలని ఎవరికీ తట్టలేదు. గాలి పైకి లాగదు కదా.

సోమవారం పొద్దున, మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ముసలావిడ కూసా వచ్చింది. బజారులో పచ్చి అరటికాయల బస్తా కొని, నాలుగు మలుపుల అవతల తన వేపుళ్ళ బండికి తీసుకెళ్తుంది. మా కార్ల డిక్కీ తెరవాలంటే మూత అంచు కింద వేళ్ళు దూర్చాలి. ఆమె వేళ్ళు లావు. చేతికి అందే ఎత్తులో రెక్క కనిపించింది. పట్టుకుని పైకి లేపింది. బస్తా వేసి, రెక్క పట్టుకునే ధన్‌మని మూసింది.

"పిడి పెట్టించావా నాయనా! ఇన్నాళ్ళకి ఈ రూటులో ఒక్కడికి ముసలాళ్ళ మీద జాలి కలిగింది."

"అది పిడి కాదు దోన్యా" అనబోయాడు ఎలీహియో. అప్పటికే ఆమె సీట్లో కూర్చుని, పక్కవాళ్ళకి అతని మంచితనం గురించి చెబుతోంది.

వారం తిరిగేసరికి అందరూ గుర్తుపట్టారు. పిడి ఉన్న కారు. కోళ్ళ గంపలవాళ్ళు, గ్యాసు బండవాళ్ళు, కుట్టుమిషను మోసుకొచ్చే ఆమె, ముందు వచ్చిన రెండు కార్లు వదిలేసి దీనికోసం ఆగేవాళ్ళు. అతను కోరుకున్నది ఇదే. వద్దని ఎలా చెబుతాడు? సాయంత్రాలు ఒక్కో బోల్టు మీదా వేలు పెట్టి చూసుకునేవాడు. వెంట్రుకంత కూడా కదల్లేదు. రేకు మీద వేలు పెట్టలేదు.

అయిదో వారం గురువారం, కార్లు బయల్దేరే చోట, సంఘం గది ఎదురుగానే, దోన్యా కూసా మూత లేపింది. చేపల డబ్బా తెరిచినట్టు చప్పుడయింది. మూత లేవలేదు. రెక్క ఆమె చేతుల్లోకి వచ్చింది. నాలుగు బోల్టులూ దానికే ఉన్నాయి, నట్లు బిగిసినవి బిగిసినట్టే. ఒక్కో బోల్టుకీ చుట్టూ చిరిగిన రేకు బిళ్ళ.

బెలార్మీనో కాఫీ కప్పుతో బయటికి వచ్చాడు.

"పడింది" అన్నాడు.

"ఎక్కడ పడింది? నా చేతిలో ఉంటే. కళ్ళు ఆ కాఫీలో వేసుకుని తాగావా?" అంది దోన్యా కూసా.

"దోన్యా, మీరు దాన్ని కింద పెట్టండి, మాట్లాడదాం."

"పెట్టను. పెడితే పడిందంటావు. నువ్వు చెప్పింది రోడ్డు మీద పడితే అని. రోడ్డు అదిగో. ఇది ఇదిగో."

రెక్కతోనే ముందు సీట్లో ఎక్కి, దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. ఇద్దరి చోటు పట్టింది.

బెలార్మీనో కిటికీలోకి వంగాడు.

"పొద్దున ఆరింటికి వస్తా ఎలీహియో. నా చేత్తో లాగుతా. ఊడి వచ్చిందా, నంబరు కూడా దాంతోపాటే వస్తుంది."

మధ్యాహ్నం ఎలీహియో రెక్కని తెచ్చి నెరేయిదా బల్ల మీద పెట్టాడు. ఆమె నాలుగు రేకు బిళ్ళల్నీ చూసింది.

"ఏం మొయ్యాలి?"

"దోన్యా కూసాని."

ఆమె ఏ సొరుగూ తీయలేదు. బల్ల కింద నుంచి ఒక కాగితం పొట్లం తీసి దుమ్ము దులిపింది. ఆరు మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, వాషర్లు, రబ్బరు, పలకలు. మొదటిరోజు కట్టి ఉంచిందే.

ఎలీహియో పొట్లం విప్పి చూడలేదు. చంకన పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళి రెక్క బిగించాక, వంటింటి అలమర తలుపుకున్న పిడి ఊడదీసి డిక్కీ మూత అంచుకి బిగించాడు. ఆ అలమరని అతని భార్య ఇప్పటికీ చాకు దూర్చి తెరుస్తుంది.

మర్నాడు ఆరింటికి బెలార్మీనో చొక్కా చేతులు మడిచి రెక్కని పట్టి లాగాడు. కారు వెనక భాగం స్ప్రింగుల మీద లేచింది. రెక్క రాలేదు. మళ్ళీ లాగాడు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

దోన్యా కూసా బస్తాతో వచ్చింది.

"దోన్యా, ఈ పిడి మీ కోసమే పెట్టాను" అన్నాడు ఎలీహియో.

"నీ మనసు బంగారం నాయనా" అంది ఆమె. గొడుగు ఆ పిడికి తగిలించి, రెక్క పట్టుకుని మూత లేపింది. బస్తా వేసి, రెక్క పట్టుకునే మూసి, వెళ్ళి కూర్చుంది.

ఎలీహియో గొడుగు తీసి ఆమెకి అందించాడు. వెనక్కి వచ్చి పిడి మీద వేలు పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిపాడు. వదులుగా ఉంది. యజమాని కోసం తల ఎత్తి చూశాడు. తర్వాత వెళ్ళి కారు స్టార్టు చేశాడు.