ముందే పగలగొట్టిన గాజులు

మా ఆయన సరిహద్దులో సిపాయి. నేను పెనుకొండలో అత్తగారింట్లో ఉండేదాన్ని. అవతలి సైన్యం పెద్ద ఎత్తున మీద పడిందని, ఆయన ఉన్న కొండమీది పోస్టు పోయిందని, ఒక్కరూ మిగల్లేదని టీవీలో చెప్పారు. ఆర్మీ ఆఫీసుకు ఫోను చేస్తే ఇంకా ఏమీ తెలియదు, ఆగండి అన్నారు. ఆగమన్న మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. టీవీ మాట ఎక్కింది.

మా బావకు, అంటే ఆయన అన్నకు, హిందూపురంలో చింతపండు వ్యాపారం. పెద్దమనిషని పేరు. ఆయనే వచ్చి తేల్చేశాడు.

"మంచులో శవం యాడ దొరుకుతాది? దినాలు జరిపించకుంటే వాని ఆత్మ తిరుగుతాంటాది."

అత్త ఏడుస్తూనే తల ఊపింది. ఆర్మీవాళ్ళు చెప్పేదాకా ఒప్పుకోనన్నాను. నన్నడిగిందెవరు? దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. పదో దినం పొద్దున పెరట్లో కూర్చోబెట్టి, ఇద్దరు ఆడవాళ్ళు చేతులు అదిమి పట్టుకుని గాజులు రాయితో కొట్టారు. ఒకామె చెయ్యి కొరికాను. అయినా వదల్లేదు. తాళి అత్తే తెంపింది.

చుట్టాలు ఇంకా ఊరికి పోకముందే ఫోను మోగింది. మా ఆయనే. ఆసుపత్రిలో ఉన్నాడు. పోస్టు పోలేదు, నిలబెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక చెప్పాడు. ఫిరంగి దెబ్బలకు వైర్‌లెస్ పగిలిపోయిందట. పొగమంచులో శత్రువులు గుంపులు గుంపులుగా ఎక్కి వచ్చేవాళ్ళట. పేర్చుకున్న రాళ్ళ గోడ వెనక మిగిలింది కొందరే. చనిపోయినవాళ్ళ తుపాకులు కూడా గోడ పొడుగునా ఆనించి, ఇటునుంచి అటు పాకుతూ ఒక్కొక్కటీ పేల్చారట, లోపల చాలామంది ఉన్నారనుకోవాలని. కింది నుంచి మనుషులు వచ్చేదాకా అట్లాగే కాచారు. మంచుకు కాలివేళ్ళు పోయాయి. ఊపిరితిత్తులు చెడ్డాయి.

"ఆడ సచ్చినోళ్ళను గూడా బతికినట్ల చూపిస్తాంటిమి" అన్నాడు. నా బోసి చేతులు చూసి, "నువ్వు ఒప్పుకుంటివా?" అని అడిగాడు.

మణికట్టు తిప్పి చూపించాను. గాజుముక్కలు దిగిన చోట పుండ్లు ఇంకా మానలేదు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ ఇంట్లో ఉండలేకపోయాం. ధర్మవరంలో ఒక గది తీసుకున్నాం. పంతులు లేకుండా ఆయనే మళ్ళీ తాళి కట్టాడు. నేను మగ్గాల వాళ్ళకు పట్టునూలు చుట్టేదాన్ని. ఆయన దగ్గుతూ పక్కన కూర్చుని చిక్కులు తీసేవాడు. కొన్నేళ్ళకు ఆ దగ్గుతోనే పోయాడు.

పదో దినానికి అత్తా బావా ఆడవాళ్ళను వెంటబెట్టుకుని దిగారు. ఈసారి నిజంగా పోయాడు కదా, వాళ్ళకు భయమేముంది! నేను గడపలో నిలబడ్డాను.

"నాకు ఒకసారి జరిపించినారు గదా. మళ్లా యాల?"

"అది పొరపాటమ్మా" అన్నాడు బావ.

"పొరపాటు మీది బావా. పగిలిండేవి నా గాజులు. ఇంగ మీ చేతులు నా మింద పడేది లేదు."

అత్త నన్ను దాటి లోపలికి రాబోయింది. నేను గడపలోంచి జరగలేదు. వీధిలో ఎండకు నిలబడి నిలబడి, రైలుకు టైమవుతోందని వెళ్ళిపోయారు.

ఇప్పుడు నన్ను పేరంటాలకు పిలవరు. ఎదురొస్తే పక్కకు తప్పుకుంటారు. గాజు చిట్లినప్పుడు నేనే అంగడికి పోయి కొత్తది వేయించుకుంటాను.